వదిన రెండో క్యాసెట్టు

పోయిన నెల నంద్యాలలో దూరపు చుట్టాల పెండ్లికి పోయి, పంక్తిలో కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నానో లేదో, మంటపం మూలల్లో నిలబెట్టిన మనిషెత్తు స్పీకర్లలోంచి ఆ మజ్జిగ పాట వచ్చి నెత్తిన పడింది. మైకు పట్టుకున్నాయన ఎవరో, ఇది మన ఊరి అమ్మమ్మ పాట, నలభై ఏండ్లయినా వాడిపోని పాట అని చెప్పి, ముందు వరసలో కూర్చున్న మా వదినకు శాలువా కప్పించాడు. పెండ్లికొడుకు స్నేహితులు ఈలలు వేస్తూ ఎగురుతుంటే, డెబ్బై ఏండ్లకు దగ్గరపడిన మా వదిన శాలువా జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కుర్చీ మీద తాళం వేస్తోంది. నేను విస్తరి మడిచి లేచిపోయాను. పక్కనున్నావిడ ఏమైందమ్మా అని అడిగితే బీపీ అన్నాను. బీపీ కాదు, కోపం. అది మొన్నటి కోపం కూడా కాదు, ఎనభైల నుంచి కడుపులో మోసుకు తిరుగుతున్న కోపం. చిన్నవాళ్ళకు చెబితే ఒక పాట కోసం ఇంత పగేమిటని నవ్వుతారు. క్యాసెట్టు ఒక వైపు అయిపోయి రెండో వైపు తిప్పి పెట్టేలోగా ఇంటిల్లిపాదీ మాట్లాడుకునే ఆ చిన్న సందు ఎట్లా ఉండేదో తెలిసిన మన వయసు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

డెబ్బైల నడిమిలో మా అన్నను చేసుకుని రుద్రవరం నుంచి ఆళ్ళగడ్డలోని మా ఇంటికి వచ్చినప్పుడు వదినకు పంతొమ్మిదేండ్లు, నాకు పదిహేడు. నాయన అంతకు మూడేండ్ల ముందే పోయాడు. అమ్మ ఉన్న కాస్త చేను పెట్టుకుని, మమ్మల్నిద్దరినీ పెట్టుకుని, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా ఇల్లు నెట్టుకొస్తోంది. ఆ కష్టంలో ఆమెకు ఒక గుణం పట్టుకుంది, ఇంట్లో తినే వస్తువు ఏదైనా సరే కట్టిపెట్టడం. బెల్లం డబ్బాకు గుడ్డ, అటుకుల సంచికి తాడు, మజ్జిగ కుండ మూతికైతే గుడ్డ కప్పి పురికొసతో మూడు ముడులు. అవి కోడలి కోసం వేసిన ముడులు కావు, నాకూ అవే ముడులు. కానీ పుట్టినప్పటి నుంచి చూసినదానికి అవి ముడుల్లా కనిపించవు, కొత్తగా వచ్చినదానికి అవి తప్ప ఇంకేమీ కనిపించవు.

వదినకు చదువు రాదు. చదువు రాని మనిషి అంత బాగా పాట కట్టడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. సినిమా పాటలు పాడేది కాదు, పుట్టింట్లో నేర్చుకున్న పాటలు కూడా తక్కువే. పెరట్లో పాత చీర పరిచి మిరపకాయల తొడిమెలు తీయడానికి కూర్చుంటే, మొదట కాసేపు ఉత్త కూనిరాగం, తర్వాత ఒక మాట, ఆ మాటకు ఇంకొక మాట, సాయంత్రానికి పాట. నేను అప్పుడు టీచరు ట్రైనింగుకు తయారవుతున్నాను, నా పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో అవన్నీ రాసుకునేదాన్ని. ఆమె కట్టిన మొదటి పాటల్లో ఒకటి మబ్బు పాట. మా ఊళ్ళ మీదుగా పోయి నల్లమల మీద కురిసే మబ్బులను చూసి కట్టింది.

మబ్బా మబ్బా యాడికి పోతాండావు,
నల్లమల నీకు పుట్టినిల్లా?
మా రుద్రారం మింద ఒక గడియ నిలువు,
మా నాయన గొర్రు పట్టుకోని నిలుచున్యాడు.

నేను మొదట "నిలబడు" అని రాసుకున్నాను. చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు. నిలబడమంటే మబ్బుకు కాళ్ళు నొప్పి పుడతాయి, నిలువు అని రాయి అంది. నేను బళ్ళో పద్యాలకు గణాలు కట్టి మార్కులు తెచ్చుకున్నదాన్ని, అయినా చెరిపేసి నిలువు అనే రాసుకున్నాను. ఆ పాటలో పుట్టింటికి పోతున్నది మబ్బే అయినా పోలేకపోతున్నది ఎవరో విన్నవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది, ఆమె మాత్రం ఆ సంగతి ఎక్కడా చెప్పదు. ఆ చెప్పకపోవడమే ఆమె విద్య అని నాకు చాలా ఏండ్లకు గానీ అర్థం కాలేదు.

మజ్జిగ పాట ఆ తర్వాతి వేసవిలో పుట్టింది. ఎండలో మిరపకాయల ఘాటుకు ఇద్దరం తుమ్ముతూ కూర్చుని ఉన్నాం, అమ్మ లోపల వంటింట్లో ఉంది, వదిన ఉన్నట్టుండి గొంతు ఎత్తకుండానే పాడింది.

మజ్జిగ కుండకు మూడు ముళ్ళేసె మాయత్త,
మూడో ముడి ఇప్పేలోగా ఆకలే సచ్చిపాయె.

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. అమ్మ ఇప్పుడు వస్తుంది, ఏదో ఒకటి జరుగుతుంది అని నేను భయపడుతూ కూర్చుంటే, వదిన మాత్రం తొడిమెలు తీస్తూ ఇంకో రెండు చరణాలు కూడా కట్టేసింది. అమ్మ రాలేదు. ఆ రోజు ఏమీ అనలేదు, మరునాడూ అనలేదు. కానీ మరునాడు మధ్యాహ్నం నేను వంటింట్లోకి పోయి చూస్తే కుండ మీద గుడ్డ ఉంది, పురికొస లేదు. మళ్ళీ అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ కుండకు ముడి పడలేదు. ఇద్దరు ఆడవాళ్ళు గొడవ పడకుండా, మూడో మనిషి మధ్యలోకి రాకుండా, ఒక పాట అంత పని చేసింది. పాట అంటే నా దృష్టిలో అది. ఈ కాలంలో వేలమంది ఎగిరే పాటలు వింటున్నాను, ఒక్క ముడి విప్పగలిగిన పాట ఒకటి చూపించండి.

ఎనభైలు వచ్చేసరికి నాకు ఆళ్ళగడ్డ దగ్గరే పల్లెబడిలో ఉద్యోగం వచ్చింది. మా మేనమామకు ఊళ్ళో మైకు సెట్టు అంగడి ఉండేది, పెండ్లిళ్ళకూ జాతరలకూ బూరలు కట్టేవాడు. ఆయన కొత్తగా రికార్డు చేసే యంత్రం తెచ్చుకున్నాడని తెలిసి, వదిన పాటలు పట్టిపెడదామని నేనే ఆయన వెంటపడ్డాను. వదినకు ఇష్టం లేదు, నా గొంతు నేను వినేదేందీ అంది. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం బయటి చప్పుడు రాకుండా అంగడి తలుపుకు కంబళి కట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుండగా ఆమెను కూర్చోబెట్టాం. పక్కనే రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళ కొట్టం. మామ పోయి కాసేపు ఆపమని బతిమాలినా, వాళ్ళు ఆపితే పని సాగదన్నారు. సరే కానిమ్మని మొదలుపెడితే, మొదటి పాటలో ఆ ఉలి దెబ్బలు వదిన గొంతుకు అడ్డం పడుతూ వచ్చాయి, రెండో పాటకు ఆమె వాటితో సర్దుకుంది, మూడో పాట నుంచి ఉలి దెబ్బ ఎక్కడ పడితే అక్కడ ఊపిరి తీసుకుంది. ఆ కొట్టంలో వాళ్ళకు తెలియదు తాము తాళం వేస్తున్నామని. తొమ్మిది పాటలు పాడింది. పదోది మజ్జిగ పాట పాడమని నేను అడిగితే తల అడ్డంగా ఊపింది.

"అది ఇంట్లో పాట పాపా, బజారు పాట కాదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా కోపమంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

మామ ఆ క్యాసెట్టుకు నకళ్ళు తీసి అడిగినవాళ్ళకల్లా ఇచ్చాడు. పెండ్లిళ్ళలో సినిమా పాటల మధ్య వేసేవాడు. రుద్రవరంలో వదిన వాళ్ళ నాయన మబ్బు పాట విని, విత్తనాల గొర్రు పట్టుకున్నది తానేనని తెలిసి, లేచి బయటికి పోయి చాలాసేపటికి గానీ తిరిగి రాలేదట. అవుకు నుంచి ఎవరో బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఈ పాడిన మనిషిని ఒకసారి చూసిపోదామని వచ్చినామమ్మా అన్నారు. అమ్మ వాళ్ళకు మజ్జిగ ఇచ్చింది. అమ్మకు కోడలి మీద గర్వం ఉండేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

తర్వాత అన్నకు నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో ఫిట్టరు పని దొరికి వాళ్ళు అక్కడికి మారిపోయారు. ఆ మిల్లు వీధిలోనే ఎవరి ఇంట్లోనో వదిన క్యాసెట్టు విని, మద్రాసు నుంచి వచ్చిన క్యాసెట్టు కంపెనీ మనిషి ఒకడు అన్నను కలిశాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. వదిన రైలెక్కి మద్రాసు పోయి నాలుగు రోజులుండి పాడి వచ్చిందని మామ చెప్పాడు. నాతో ఒక మాట అనలేదే అనుకున్నాను, అయినా సంతోషపడ్డాను, నిజంగానే సంతోషపడ్డాను. మామ బస్సులో పోయి ఆ క్యాసెట్టు పట్టుకొచ్చేదాకా ఆ సంతోషం ఉంది.

అట్ట మీద వదిన ఫోటో. ఆమెది కాని చీర, ఆమెది కాని నవ్వు, చంకలో ఒక రంగుల బిందె. మా వదిన జన్మలో బిందెను చంకన పెట్టుకోలేదు, నెత్తిన పెట్టుకునేది. ఇక లోపలి సంగతి. మొదట్లోనే ఏదో యంత్రం టకటకమని కొట్టడం మొదలుపెట్టింది, పాట అయిపోయేదాకా ఆ టకటక ఎవరికోసమూ ఆగలేదు. ఉలి దెబ్బకు కూడా ఒక అలుపు ఉంటుంది, దీనికి లేదు. వదిన గొంతును ఎట్లా చేశారో గానీ పదహారేండ్ల పిల్ల గొంతులా సన్నగా పైకి లాగారు. మొదటి క్యాసెట్టులో ఆమె ఊపిరి వినపడేది, ఇందులో ఊపిరన్నదే లేదు. వెనక నలుగురు ఆడపిల్లలు ప్రతి వరసకూ ఆహా ఓహో అంటున్నారు. ఇవన్నీ ఇంకొకరి పాపమని సరిపెట్టుకోవచ్చు. మాటలు మాత్రం వదినవే, అది ఎవరి మీదికీ తోయలేను. ఆ మబ్బు పాట ఏమైందో చూడండి.

మబ్బా మబ్బా యాడుంటివి బావా,
జబ్బ మింద చెయ్యేసి పోవా.

వాళ్ళ నాయన లేడు, గొర్రు లేదు, రుద్రవరం లేదు. నిలబడు అన్న మాటకు మబ్బు కాళ్ళు నొప్పి పుడతాయన్న మనిషి, జబ్బకూ మబ్బుకూ ప్రాస కలిపి ఊరుకుంది. మామ నా మొహం చూసి యంత్రం కట్టేయబోయాడు, నేనే వద్దన్నాను. రెండో వైపు తిప్పితే మొదటి పాట మజ్జిగ పాట.

అదే పాటను తమాషా పాట చేశారు. ముసలిదాని గొంతు పెట్టి ఎవరో మధ్యమధ్యలో దగ్గుతూ తిడుతున్నారు, ముడి ముడికీ జనం పకపకా నవ్విన చప్పుడు వేశారు. మూడు ముళ్ళు ముప్పై ముళ్ళయినాయి, చివరికి అత్తను కూడా కుండతో పాటు ఉట్టికి కట్టేశారు. నేను పెరట్లో విన్న పాటనూ దీన్నీ పక్కపక్కన పెట్టి ఎన్నోసార్లు ఆలోచించాను. ఎంత తూకం వేసినా ఒకటే తేలింది. అందులో ఆమె ఒక మనిషితో మాట్లాడుతోంది, ఇందులో ఒక మనిషిని చూపించి నవ్విస్తోంది.

ఆ పాట పదిహేను రోజుల్లో ఆళ్ళగడ్డ బస్టాండు దాకా వచ్చింది. అమ్మ జొన్నలు పట్టించుకుందామని పిండి మిషనుకు పోయింది. ఎదురుగా క్యాసెట్ల అంగడిలో అదే వేశారు. మిషను దగ్గర ఆడవాళ్ళు అమ్మను చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వరసలో తన వంతు వచ్చేదాకా అమ్మ అక్కడే నిలబడి పిండి పట్టించుకునే ఇంటికి వచ్చింది. తట్ట దించి గడప మీద కూర్చుంది. నేను బడి నుంచి వచ్చి అడిగితే నా వైపు చూడకుండా అంది.

"నేను ముళ్ళేసింది పాట కట్టింది సరే మే. ముళ్ళిప్పింది కట్టలేదే."

అమ్మ మళ్ళీ పిండి మిషనుకు పోలేదు. ఆ తర్వాత నేనే పట్టించుకొచ్చేదాన్ని.

ఆ ఆదివారమే నంద్యాల బస్సెక్కాను. దారంతా అనవలసిన మాటలు కూర్చుకుంటూ పోయాను. మిల్లు వెనక సందులో రెండు గదుల ఇల్లు, గోడల మీదా కిటికీల మీదా తవుడు దుమ్ము, మా అన్న మంచం మీద కూర్చుని ఏదో మర తుడుచుకుంటున్నాడు. వదిన రొట్టెలు చేస్తోంది. నన్ను చూసి మొహం చేటంత చేసుకుని, ఎప్పుడు బయల్దేరితివి పాపా, బేగ కాళ్ళు కడుక్కో, వేడి రొట్టె తిందువు అంది. నేను కూర్చోలేదు.

"అది బజారు పాట కాదని నువ్వే అంటివి గదా వదినా?"

రొట్టె తట్టే చెయ్యి ఆగలేదు. అంటి అని ఒప్పుకుంది. మరి ఎందుకు పాడావంటే, నవ్వించే పాట ఒకటి కావాలన్నారు, పాడానంది, అందులో దాపరికమేమీ లేదన్నట్టు. అప్పుడు పిండి మిషను దగ్గర జరిగింది చెప్పాను. చెయ్యి ఆగిపోయింది. అత్త ఏమంది అని అడిగింది. అమ్మ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన పెనం మీద రొట్టె మాడుతున్నా తియ్యలేదు, అన్నే లేచి వచ్చి తీశాడు.

నేను అక్కడితో ఆగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. ఆగలేదు. మబ్బు పాట గురించి, టకటక గురించి, జబ్బ గురించి, అట్ట మీది బిందె గురించి, బస్సులో కూర్చుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి అనేశాను. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఎండలో కూచోని మిరక్కాయలు ఒలస్తా పాడితే నీకు బాగుండె. ఫ్యాను కింద నిలుచుకోని పాడితే నీకు పాట కాకపాయె. నా చేతులు మండితేనే నీకు పాట కావాల్నా?"

దానికి నేను అనకూడని మాట అన్నాను. గొంతు అమ్ముకున్నావన్నాను.

"నా గొంతు" అంది. "నీ నోటుబుక్కు కాదు. అత్తకు నొచ్చింటే నేనొచ్చి కాళ్ళు పట్టుకుంటా. పాట బాగలేదని చెప్పేకి వచ్చింటే, పో."

నేను రొట్టె ముట్టకుండా వచ్చేశాను.

వారం తిరగకుండా ఆమె ఆళ్ళగడ్డకు వచ్చింది, అన్న మాట ప్రకారం. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. అమ్మ లేపి చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది, వదిన తాగింది, సాయంత్రం బస్సుకు పోయింది. వాళ్ళిద్దరి మధ్య అది అంతటితో తీరిపోయినట్టే ఉంది. తీరనిది నాకు. వదిన ఆ కంపెనీకి ఇంకో రెండు క్యాసెట్లు పాడింది, నేను విననైనా వినలేదు, విన్నవాళ్ళు ఇంకా నాసిగా ఉన్నాయన్నారు. తర్వాత కంపెనీ వాళ్ళు ఆమె మాట మరచిపోయారు. ఆ సంగతి తెలిసిన రోజు నేను సంతోషపడ్డాను. ఈ వయసులో అబద్ధం చెప్పుకోవడం ఎందుకు, చాలా సంతోషపడ్డాను.

ఎనభైల చివర్లో అమ్మ పోయింది. దినాలయ్యాక ఒకరోజు ఉన్నట్టుండి నాకు వదిన పాత గొంతు వినాలనిపించింది. ఇంట్లో ఉన్న నకలు ఎప్పుడో అరిగిపోయింది. మామ దగ్గరికి పోతే ఆయన అంగడంతా వెతికి, అసలు క్యాసెట్టు తీసి యంత్రంలో పెట్టాడు. సన్నాయి మేళం వచ్చింది. ఎవరి పెండ్లికో కొత్త క్యాసెట్టు దొరక్క దాని మీదే పట్టేశాడట. మామ తలపట్టుకుని కూర్చున్నాడు, ఆయనను ఏమనగలను? నకళ్ళు తీసుకున్నవాళ్ళను అడిగాను. ఒక్కరి దగ్గరా లేదు. ఆ రెండో క్యాసెట్టు మాత్రం ప్రతి ఇంట్లో ఉంది.

అప్పుడు నేను మళ్ళీ నంద్యాల పోయాను. పంతం చంపుకుని పోయాను. నోటుబుక్కు తీసి మబ్బు పాట మాటలు చదివి వినిపించి, పాతలాగా పాడు వదినా, ఈసారి నేను జాగ్రత్తగా పెట్టుకుంటా అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. వచ్చింది రెండో క్యాసెట్టు బాణీ, ఆ జబ్బ పాట బాణీ. ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అదే. లేచి లోపలికి పోయి చేటలో బియ్యం పోసుకొచ్చి, చేతికి పని ఉంటే వస్తుందేమోలే అని చెరుగుతూ పాడింది. పాత మాటలే, వాటి కింద ఆ యంత్రం టకటక. కాసేపు నవ్వింది, తర్వాత నవ్వలేదు.

"పాయ పాపా" అంది.

నేను గెలిచినదాన్నే గదా, గెలిచినట్టు అనిపించలేదు. ఆమె చేటలోని బియ్యం ఇద్దరం కూర్చుని ఏరాం. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. ఆమె ఎదురుపడితే తిన్నావా అంటుంది, తిన్నాను అంటాను, అంతే.

ఈమధ్య మా పక్క పల్లెల్లో కళ్ళాల దగ్గర మిరపకాయలు ఒలిచే ఆడవాళ్ళను చూస్తుంటాను. ఆటో దిగి వస్తారు, నడుముకు చెక్కుకున్న ఫోన్లు తీసి పక్కన పెట్టుకుంటారు, ఒక్కొక్క ఫోన్లో ఒక్కొక్క పాట, ఎవరి నోట్లోనూ పాట లేదు. తప్పు వాళ్ళది అనలేను. పాట గాలిలో పోకుండా పట్టిపెట్టాలన్న ఆశ ముందుగా పుట్టింది నాకే. ఆమె వద్దంటున్నా అంగడికి తీసుకుపోయి, తలుపుకు కంబళి కట్టి కూర్చోబెట్టినదాన్ని నేనే. మొదటిది లేకపోతే రెండోది ఎక్కడిది? ఆ రోజుల్లో పాట పనితో పాటే అయిపోయేది, మళ్ళీ కావాలంటే మరుసటి రోజు పని మొదలయ్యేదాకా ఆగాలి. అట్లా ఆగడం తెలిసిన వాళ్ళలో చివరివాళ్ళం మనమే. మా ఇంట్లో ఆగలేకపోయిన మొదటిదాన్ని మాత్రం నేను.